వైజాగ్‌లో రెండు రోజుల పుట్టినరోజు: బెజవాడ నుంచి అయిదుగురం, ప్లాన్ ఒకసారి సరిచూడండి

పటమట_నాన్న

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మొదటి వారంలో మా పెద్దపాపకి 7 నిండుతాయి. పుట్టినరోజు ఆదివారం పడింది. ఫంక్షన్ హాలు, ఊరంతా భోజనాలు ఈసారి వద్దనుకున్నాం. శనివారం పొద్దున బయల్దేరి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరేలా వైజాగ్ వెళ్దామని ఆలోచన. వచ్చేది మేమిద్దరం, పాప, మూడేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. మెట్లు పదో పదిహేనో ఎక్కగలదు, అంతకంటే కష్టం.

రాసుకున్న జాబితా ఇది: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, జూ, సింహాచలం, రుషికొండ, వీలైతే అరకు. కేకు బీచ్‌లో కోయించాలని పాప కోరిక. రైలా, కారా? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

వాల్తేరు_వాసి

ముందు అరకు కొట్టేయండి. తరవాత జూ. ఆ పైన సింహాచలం గురించి మీ అమ్మగారిని అడిగి తేల్చుకోండి. మిగిలినవి రెండు రోజులకి సరిపోతాయి.

వైజాగ్‌లో పగలు 12 నుంచి 4 దాకా బయట తిరగడం దండగ. ఫిబ్రవరిలో ఎండ మరీ ఎక్కువుండదు గానీ గాలిలో తేమకి పిల్లలు ఊరికే నీరసపడతారు. మీ రోజు రెండు ముక్కలు: తెల్లవారుజాము నుంచి 11 దాకా ఒకటి, 4 నుంచి రాత్రి 8 దాకా ఇంకొకటి. మధ్యలో గది, భోజనం, నిద్ర. ఇలా కోసుకుంటే మీకు దొరికేది శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి. అంటే రెండే ముక్కలు. ఏడు చోట్లు వాటిలో ఇమడవు.

ఇంకో సంగతి. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి సూర్యుడు లేచేది పొద్దున. సాయంత్రం అస్తమయం చూద్దామని బీచ్‌కి వచ్చి అటూ ఇటూ చూసేవాళ్ళు చాలామంది ఉంటారు, సూర్యుడు మాత్రం వెనక మేడల చాటుకి, కొండల చాటుకి వెళ్ళిపోతాడు. ఫిబ్రవరి మొదట్లో ఉదయం 6:25, 6:30 మధ్య ఉదయిస్తాడు. పుట్టినరోజు ఆదివారం కాబట్టి పాపకి ఇవ్వదగ్గ మొదటి కానుక అదే.

రత్నాచల్_కిటికీ

రైలే. కారులో 350 కిలోమీటర్లు, జాతీయ రహదారి 16 మీద ఆగుతూ ఏడు గంటలు. మూడేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడ, ఆదివారం రాత్రి అలసిపోయి మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవడం. అది వద్దు.

వెళ్ళేటప్పుడు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్, 12718. విజయవాడలో ఉదయం ఆరు దాటాక బయల్దేరి మధ్యాహ్నం పన్నెండు దాటాక విశాఖ చేరుతుంది. చాలా హోటళ్ళలో గది ఇచ్చేది మధ్యాహ్నం 12కే కాబట్టి సామాను పట్టుకుని ఎక్కడా పడిగాపులు కాయనక్కర్లేదు. తిరుగు రత్నాచల్ (12717) మాత్రం మీకు పనికిరాదు. అది వైజాగ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటలోపే కదులుతుంది, పుట్టినరోజు భోజనం స్టేషన్‌లో అయిపోతుంది. సాయంత్రం అయిదు దాటాక బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ (12727) తీసుకోండి, రాత్రి 11 ప్రాంతంలో విజయవాడలో దింపుతుంది. టైములు అప్పుడప్పుడు కొద్దిగా జరుపుతుంటారు, టికెట్టు మీద పడిన టైమే నమ్మండి.

టికెట్ల దగ్గర తప్పులు జరిగేవి ఇవీ:

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 అక్టోబరు వరకు ఉన్న 120 రోజుల లెక్క పోయింది. ప్రయాణం రోజుని కలపకుండా 60 లెక్కపెట్టి, ఆ ఉదయం 8 గంటలకి కూర్చోండి. శనివారం టికెట్టు ఒకరోజు, ఆదివారం టికెట్టు మర్నాడు తెరుస్తారు. రెండూ ఒకేసారి చేద్దామని ఆగితే శనివారానివి వెయిటింగ్‌లోకి పోతాయి. చార్టు వేశాక కూడా మొత్తం వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్టు దానంతట అదే రద్దవుతుంది, దాంతో రైలెక్కకూడదు.

పాపకి 7 ఏళ్ళు. బెర్తులుండే తరగతుల్లో 5 నుంచి 12 లోపు పిల్లలకి బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. ఏసీ చైర్‌కార్‌లో, సెకండ్ సిట్టింగ్‌లో ఆ సగం వెసులుబాటు లేదు, పూర్తిగా కట్టాలి. బాబుకి అయిదు లోపే కాబట్టి టికెట్టు అక్కర్లేదు, సీటూ ఉండదు. ఆరు గంటలు ఒళ్ళో కూర్చోపెట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించుకుని, డబ్బు కట్టి వాడికీ ఒక సీటు తీసుకోండి అనే నా సలహా.

తిరుగు ప్రయాణానికి త్రీటైర్ ఏసీ. బుక్ చేసేటప్పుడు మీ అమ్మగారి వయసు సరిగ్గా 68 అని వేయండి. 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి ఖాళీ ఉంటే కింది బెర్తు దానంతట అదే పడే ఏర్పాటుంది. ఒకే టికెట్టు మీద అయిదుగురినీ వేస్తే ఆ అవకాశం తగ్గుతుంది. అమ్మగారిని, మీ ఆవిడని ఒక టికెట్టు మీద, మిగతావాళ్ళని ఇంకో టికెట్టు మీద వేయండి. వృద్ధులకి ఇచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దాని కోసం వెతకొద్దు.

ఇంకొకటి. వెతికేటప్పుడు గమ్యం విశాఖపట్నం అనే ఉండాలి. హౌరా వైపు వెళ్ళే కొన్ని రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. విశాఖ స్టేషన్‌లోకి వస్తే ఇంజను అటునుంచి ఇటు మార్చాలి కాబట్టి ఆ దారి. దువ్వాడలో దిగితే బీచ్ దగ్గరికి ఇరవై కిలోమీటర్ల పైనే.

అరకు_దారి

అరకు తీసేయమనడం నాకు నచ్చలేదు. అరకు రైలుకి చుట్టూ అద్దాలున్న పెట్టె ఉంది, దారిలో సొరంగాలున్నాయి, బొర్రా గుహలున్నాయి. పిల్లకి జీవితాంతం గుర్తుంటుంది.

వాల్తేరు_వాసి

> పిల్లకి జీవితాంతం గుర్తుంటుంది

గుర్తుంటుంది, కాదనను. కానీ లెక్క చూడండి. అరకు ఇక్కణ్ణుంచి 115 కిలోమీటర్ల పైన. కిరండూల్ వెళ్ళే పాసింజరు పొద్దున 7 లోపే బయల్దేరుతుంది, అరకు చేరేసరికి దాదాపు 11. వీళ్ళు శనివారం దిగేదే మధ్యాహ్నం. ఆదివారం పెట్టుకుంటే సాయంత్రం గోదావరి అందదు. రోడ్డు మీద వెళ్తే ఘాట్ మలుపులకి పిల్లలు వాంతులు చేసుకుంటారు. బొర్రాలో లోపలికి దిగే మెట్లు వందకి తక్కువుండవు, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి గుహ బయటే కూర్చోవాలి. మూడో రోజుంటే అరకుకి మించింది లేదు. రెండు రోజులైతే వద్దు.

అరకు_దారి

మూడో రోజు ఉంటేనే అన్నమాట. ఒప్పుకుంటున్నాను. పటమట_నాన్న గారూ, సోమవారం సెలవు పెట్టగలిగితే చెప్పండి, అప్పుడు వేరే ప్లాన్ రాస్తాను.

పటమట_నాన్న

సోమవారం పాపకి స్కూల్ ఉందండీ. అరకు ఇంకోసారి. మరి కేకు సంగతి? బీచ్‌లో కోయడం కుదురుతుందా?

ఓవెన్_మంట

కేకు బీచ్‌లో కోయకండి. మూడు కారణాలు.

గాలి. వైజాగ్ ఒడ్డున సాయంత్రం సముద్రం మీంచి గాలి గట్టిగా వస్తుంది. కొవ్వొత్తి వెలగదు, వెలిగినా పాప ఊదేలోపే ఆరిపోతుంది. ఇసుక. క్రీమ్ మీద ఒక్క చిటికెడు పడినా అది పళ్ళకి తగులుతుంది, ఆ ముక్క ఇక ఎవరూ తినరు. వేడి, తేమ. మామూలు బేకరీ కేకు మీద పూసేది పాల క్రీమ్ కాదు, కూరగాయల కొవ్వుతో చేసిన విప్పింగ్ క్రీమ్. ఫ్రిజ్‌లోంచి తీశాక గంటన్నర దాకా ఆకారం నిలుస్తుంది, ఆపైన పువ్వులు జారడం మొదలు. అసలు పాల క్రీమ్ అయితే అరగంటకే నీరు కారుతుంది.

మీకు ఎంత కేకు కావాలి? ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పెద్దావిడ, ఇద్దరు పిల్లలు. అరకిలో చాలు. కిలో కేకు పది పన్నెండు మంది తింటారు. మిగిలింది గదిలో ఫ్రిజ్‌లో పెడదామంటే, ఆ చిన్న ఫ్రిజ్‌లు సరిగా చల్లబడవు, కేకు డబ్బా లోపల పట్టదు కూడా. అరకిలో డబ్బా సుమారు 8 అంగుళాల చదరం, దాన్ని కొలిచి చూసుకోండి. వీలైతే హోటలు వంటగది ఫ్రిజ్‌లో పెట్టమని అడగండి.

ఇంటి నుంచి కేకు తీసుకెళ్ళొద్దు. రైల్లో ఆరు గంటలు క్రీమ్ కేకు నిలవదు. వైజాగ్‌లోనే రెండు రోజుల ముందు ఫోన్‌లో ఆర్డర్ చెప్పండి. చెప్పేటప్పుడు నాలుగు విషయాలు: తూకం, గుడ్డు ఉన్నదా లేనిదా (మీ అమ్మగారు తినాలంటే ఇదే ముఖ్యం), పేరు తెలుగులో కావాలంటే అక్షరాలు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపడం, ఎన్ని గంటలకి చేతికందాలి. పేరు మాటల్లో చెబితే ఒత్తులు పోతాయి. డబ్బాలో కత్తి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఉన్నాయో లేదో తెచ్చిచ్చినవాళ్ళ ముందే చూసుకోండి.

కేకు మీద పెట్టే చిచ్చుబుడ్డి లాంటి కొవ్వొత్తి గదిలో వాడకండి. దాని పొగకి పైకప్పు మీది పొగ సెన్సర్ మోగుతుంది. మామూలు చిన్న కొవ్వొత్తులు ఏడు పెట్టండి, పాప ఊదేస్తుంది, అయిపోతుంది. అదీ హోటలువాళ్ళని ముందే అడిగి.

సున్నిపిండి

ఓవెన్_మంట గారు పొగ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, పెద్దావిడ వెంట ఉంటే హారతి అడగకుండా ఉండరు. కర్పూరం గదిలో వెలిగించకండి, దానికీ ఆ సెన్సర్ మోగుతుంది. గుడిలో హారతి కళ్ళకద్దించండి. గదిలో అక్షింతలు వేసి ఆశీర్వదిస్తే సరిపోతుంది. ఇంటి దగ్గరే గుప్పెడు బియ్యానికి చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నెయ్యి కలిపి చిన్న స్టీలు డబ్బాలో తీసుకెళ్ళండి. నీళ్ళతో కలిపితే రెండో రోజుకి ముక్క వాసన వస్తుంది, నెయ్యితో కలిపినవి బాగుంటాయి.

తలంటు: ఆదివారం పొద్దున నూనె పెట్టి నలుగు పెట్టాలని ఉంటుంది. హోటలు బాత్రూములో సున్నిపిండి వాడితే జాలీలో పేరుకుని నీళ్ళు నిలిచిపోతాయి, తెల్ల తువాళ్ళకి పసుపు మరక అంటితే వాళ్ళు డబ్బు వేస్తారు. శనివారం తెల్లవారుజామున ఇంట్లోనే తలంటి పోసి బయల్దేరండి. ఆదివారం గదిలో నుదుట కాస్త నూనె రాసి మామూలు స్నానం. ఒక పాత తువాలు ఎలాగూ వెంట ఉంచుకోండి, సముద్రం నుంచి వచ్చాక కాళ్ళకి పనికొస్తుంది.

రైల్లో తిండి: ఇడ్లీ, కారప్పొడి నెయ్యి. కొబ్బరి చట్నీ వద్దు, మూడు నాలుగు గంటలకే పులుస్తుంది. మధ్యాహ్నానికి చింతపండు పులిహోర, రాత్రి దాకా చెడదు. దద్దోజనం పట్టుకెళ్తే గోరువెచ్చటి అన్నంలో పాలు ఎక్కువ పోసి ఒకే ఒక్క చెంచా పెరుగు తోడేయండి, తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. ముందే పెరుగు కలిపితే పిల్లలు పులుపని తోసేస్తారు. పరమాన్నం మాత్రం పట్టుకెళ్ళకండి. బెల్లం, పాలు కలిసినది ఎండలో త్వరగా విరుగుతుంది. తీపికి బొబ్బట్లు చేయండి. పూర్ణం ముద్ద గట్టిగా, నీరు లేకుండా దగ్గర పడేదాకా ఉడికిస్తే రెండో రోజు మధ్యాహ్నం వరకు ఫర్వాలేదు. వేడి మీద డబ్బాలో మూత బిగించకండి, ఆవిరికి తడిసి అంచుల్లో బూజు వస్తుంది.

రత్నాచల్_కిటికీ

కొవ్వూరు దాటాక గోదావరి వస్తుంది. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో. పాప నిద్రపోతుంటే లేపండి. పక్కన పాత హేవ్‌లాక్ వంతెన స్తంభాలు కనిపిస్తాయి, 1900 నుంచి 1997 వరకు రైళ్ళు నడిచిన వంతెన అది. రైలు కిటికీలోంచి పూలూ ప్లాస్టిక్ కవర్లూ నదిలోకి విసరనివ్వకండి.

అలల_కాపలా

సముద్రం గురించి ఎవరూ రాయలేదు. ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే, కొంచెం పొడవుగా రాస్తాను.

ఆర్కే బీచ్ దగ్గర దిగి స్నానం చేయకూడదు. అక్కడ నేల ఒడ్డు నుంచే ఒక్కసారిగా లోతుకి దిగుతుంది. మోకాలు లోతనుకున్న చోట ఇంకో రెండడుగులు వేస్తే నడుము లోతు. దానికి తోడు కొన్నిచోట్ల అలలుగా ఒడ్డుకి వచ్చిన నీరంతా ఒక సన్నటి పాయగా కూడి లోపలికి దూసుకుపోతుంది. రిప్ కరెంట్ అంటారు. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అందుకే తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. రెండు వైపులా నురగ విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, కొంచెం మట్టిరంగులో కనిపిస్తే అటు పోవద్దు.

పిల్లలతో పాటించాల్సినవి:

తడి ఇసుక మీదే ఆట. అల వచ్చి పాదాలు తడిపి పోవాలి, అంతే. అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుకని లాగేస్తుంది, మూడేళ్ళ పిల్లాడు చీలమండ లోతులోనే పడిపోతాడు. బాబు చేతిని వేళ్ళ దగ్గర కాకుండా మణికట్టు దగ్గర పట్టుకోండి, తడి వేళ్ళు జారిపోతాయి.

సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగనివ్వొద్దు. చిన్న అలల మధ్య ఉన్నట్టుండి ఒక పెద్ద అల వస్తుంది, అది కెమెరా చూస్తున్నవాళ్ళకి కనిపించదు.

ఒక పెద్దమనిషి ఫోన్ లేకుండా పిల్లల మీదే కన్నుంచాలి. ఇద్దరు చూస్తున్నాం కదా అనుకుంటే ఇద్దరూ చూడరు. పావుగంటకోసారి వంతు మార్చుకోండి.

పొరపాటున ఎవరైనా పాయలో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ పాయ నుంచి బయటపడతారు. అది సన్నగానే ఉంటుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసిరి, లైఫ్‌గార్డుని పిలవాలి.

నీళ్ళలో నిజంగా దిగాలంటే రుషికొండ. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన తీరం. ఈతకి గుర్తులు పెట్టిన జాగా, లైఫ్‌గార్డులు, స్నానం చేసి బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. ఎర్రజెండా ఎగురుతుంటే అక్కడా దిగొద్దు.

పటమట_నాన్న

అలల_కాపలా గారూ, మణికట్టు మాట మా ఆవిడకి చదివి వినిపించాను. రుషికొండ పెట్టుకోం, ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీదే. చాలా కృతజ్ఞతలు.

సబ్‌మెరైన్ లోపలికి అమ్మ రాగలదా? సింహాచలం సంగతేంటి?

వాల్తేరు_వాసి

సబ్‌మెరైన్‌లోకి అమ్మగారు వద్దండి. ఐఎన్‌ఎస్ కుర్సురా 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబరు నుంచి 2001 ఫిబ్రవరి దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. మనుషులు మసిలే నిజమైన జలాంతర్గామి అది, లోపల ఏదీ వెడల్పు చేయలేదు. ఎక్కడానికి మెట్లు, లోపల గది నుంచి గదికి గుండ్రటి తలుపులు. ఒక కాలు పైకెత్తి, తల వంచి, నడుం వంచి ఒకేసారి దాటాలి. అలాంటివి వరసగా వస్తాయి. ఒక వైపు నుంచి ఎక్కి ఇంకో వైపు దిగాలి, మధ్యలో వద్దనుకుంటే వెనక్కి తిరగడానికి దారి ఉండదు, వెనక జనం వస్తుంటారు. బాబుని ఎత్తుకుని ఆ తలుపులు దాటడం కూడా కష్టమే. పాపతో మీలో ఒకరు వెళ్ళండి. లోపల వివరించేది ఎక్కువగా నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళే, పాపని వాళ్ళకి దగ్గరగా నిలబెట్టండి. టార్పెడోలు ఎక్కడుంచేవారు, ఎక్కడ పడుకునేవారు, ఇన్ని డయల్స్ ఎందుకు అని పిల్లలు అడిగితే ఓపిగ్గా చెబుతారు.

ఈలోపు అమ్మగారు, బాబు, మీ ఆవిడ రోడ్డుకి అవతల టీయూ-142 విమానం దగ్గర ఉండొచ్చు. సముద్రం మీద గస్తీ తిరిగిన పెద్ద విమానం అది, 29 ఏళ్ళు పనిచేసి 2017లో విశ్రాంతి తీసుకుంది. బాబుకి ప్రొపెల్లర్లు చూపిస్తే చాలు.

కుర్సురా సోమవారం మూసేస్తారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 తరవాతే తెరుస్తారు, అందుకే శనివారం సాయంత్రానికి సరిగ్గా కుదురుతుంది. 4 గంటలకల్లా వరసలో ఉంటే 5 లోపు బయటపడతారు. అక్కణ్ణుంచి ఇసుక మీదికి రోడ్డు దాటనక్కర్లేదు.

సింహాచలం శనివారం, ఆదివారం రద్దీ. బీచ్ నుంచి పదిహేను కిలోమీటర్ల పైన, కొండ మీదికి బస్సు ఎక్కినా అక్కడ మళ్ళీ మెట్లు, క్యూ. మీ ఆదివారం ముక్క మొత్తం అక్కడే ఖర్చయిపోతుంది. అమ్మగారికి అప్పన్న దర్శనమే ముఖ్యమైతే కైలాసగిరి తీసేసి అది పెట్టుకోండి, రెండూ కావాలంటే కుదరదు. స్వామి మూలవిరాట్టు ఏడాదంతా చందనం పూతలోనే ఉంటారు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. పాపకి ముందే చెప్పండి, లేకపోతే స్వామి ఏరీ అని అడుగుతుంది.

దగ్గర్లో గుడి చాలంటే ఆసీలుమెట్టలో సంపత్ వినాయకుడు, బీచ్ ఒడ్డునే కాళీమాత ఆలయం. పాతబస్తీ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉంది, గర్భగుడికి కప్పు ఉండదు, భక్తులే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టొచ్చు. మీ అమ్మగారికి ఇది బాగా నచ్చుతుంది. మార్గశిర గురువారాల్లో అడుగు పెట్టలేం గానీ ఫిబ్రవరి ఆదివారం పొద్దున ఏడున్నరకి హాయిగా దర్శనం అవుతుంది.

పటమట_నాన్న

అమ్మని అడిగాను. బురుజుపేట అమ్మవారి గుడికే వెళ్దామంది. కైలాసగిరి ఉంచుతున్నాం.

ఒక చిక్కు వచ్చింది. హోటలు గది ఆదివారం 12కి ఖాళీ చేయాలట. రైలు సాయంత్రం. కేకు ఎప్పుడు కోయాలి, పిల్లలు మధ్యాహ్నం ఎక్కడ పడుకోవాలి?

చిన్నపిల్లల_సంచి

ఈ చిక్కు వారాంతపు ప్రయాణాలన్నిటికీ వస్తుంది. దారులు మూడు.

సగం రోజు అద్దె కట్టి సాయంత్రం 4 దాకా గది ఉంచుకోవడం. బుకింగ్‌లోనే అడిగి ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాయించుకోవాలి. ఆదివారం పొద్దున రిసెప్షన్‌లో అడిగితే తరవాతి బుకింగ్ ఉందంటారు.

సామాను రిసెప్షన్‌లో ఉంచి రెస్టారెంట్‌లో రెండు గంటలు గడపడం. బాబుకి నిద్ర ఉండదు, రైలెక్కేసరికి ఏడుపు.

స్టేషన్ క్లోక్‌రూమ్. సంచులకి తాళం ఉంటేనే తీసుకుంటారు, టికెట్టు, గుర్తింపు కార్డు చూపాలి. మీకు అవసరం పడదు.

మొదటిదే చేయండి. మూడేళ్ళ బాబు ఉన్నప్పుడు ఆ డబ్బు దండగ కాదు. కేకు కోసేది ఆదివారం ఉదయం 11:30కి గదిలో. కైలాసగిరి నుంచి వచ్చి, ముఖాలు కడుక్కుని, కొత్త బట్టలు వేసి. తరవాత భోజనం, తరవాత నిద్ర. కేకు బేకరీ నుంచి 11:15కి రావాలి, ముందు రాకూడదు.

అలంకరణ: బెలూన్లు 20 నుంచి 25 చాలు, చేతి పంపు ఒకటి, నూలు దారం. గ్యాసు బెలూన్లు రైల్లో తీసుకురావొద్దు. గోడకి మామూలు టేపు అంటిస్తే పెయింటు పెచ్చుగా వస్తుంది, కాగితపు మాస్కింగ్ టేపు వాడండి, లేదా కర్టెన్ రాడ్డుకి దారంతో కట్టండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయాలి. బాబు నోట్లో పెట్టుకుంటే ఊపిరాడదు, ఆ రబ్బరు గొంతులో అంటుకుపోతుంది.

పిల్లల స్ట్రోలర్ తేకండి, ఇసుకలో చక్రాలు దిగబడతాయి. ఒక్కొక్కరికి మూడు జతల బట్టలు, రబ్బరు చెప్పులు, తడి బట్టలకి వేరే సంచి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. ఒక ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్ళలోనే (పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు) కలపాలి, చిన్న గ్లాసులో సగం ప్యాకెట్ వేసి ఇస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకి హాని. కలిపింది 24 గంటల తరవాత పారబోయండి. పెద్దలందరి అసలు గుర్తింపు కార్డులు, హోటలుకి అందరివీ కావాలి.

బస్సు_బోణీ

చిన్న మాట. మీ అమ్మగారు, ఆవిడ, పాప ముగ్గురికీ ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది, ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఏసీ బస్సుల్లో వర్తించదు. బీచ్ రోడ్డు వెంట భీమిలి వైపు వెళ్ళేది 900కె. ఖాళీగా ఉండే వేళ ఎక్కితే సముద్రం పక్కనే అంత దూరం కిటికీలోంచి చూడొచ్చు.

ఆదివారం పొద్దున మాత్రం బస్సుల మీద ఆధారపడొద్దు, కారు మాట్లాడుకోండి. 8 గంటలు, 80 కిలోమీటర్లు అనే ప్యాకేజీ అడగండి. మీ తిరుగుడు మొత్తం కలిపి యాభై కూడా దాటదు. ముందే తేల్చుకోవాల్సినవి: పార్కింగ్ ఎవరిది, గంట దాటితే ఎంత, లెక్క మొదలయ్యేది హోటలు దగ్గరా, వాళ్ళ షెడ్డు దగ్గరా. చివరిది అడగనివాళ్ళకి పది కిలోమీటర్లు అదనంగా పడతాయి.

వాల్తేరు_వాసి

కారుంటే కైలాసగిరి రోప్‌వే దగ్గర వరసలో నిలబడనక్కర్లేదు, నేరుగా పైకి రోడ్డుంది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, పైన ఇరుక్కున్నట్టవుతుంది. పైన చిన్న రైలు ఆ వేళకి నడుస్తుంటే కొండ చుట్టూ తిప్పుతుంది, అమ్మగారు కూర్చునే అంతా చూడొచ్చు. శివపార్వతుల విగ్రహాల దగ్గర ఒక ఫొటో, అక్కణ్ణుంచి తీరం వంపు తిరిగి రుషికొండ వైపు సాగడం కనిపిస్తుంది. 9 గంటలకి పైనుంటే 10:45కి దిగొచ్చు.

ఉదయం సూర్యోదయానికి ఫొటోలు తీసేవాళ్ళకి: సూర్యుడు పాప వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. నీడబొమ్మ కావాలంటే అలాగే తీయండి. ముఖం కావాలంటే పావుగంట ఆగి, మీరు సముద్రం వైపు వీపు పెట్టకుండా పక్కకి నిలబడి, పాపని సూర్యుడి వైపు సగం తిప్పి తీయండి. ఆ వేళ బీచ్ రోడ్డులో కొంత భాగం నడకవాళ్ళ కోసం వాహనాలకి మూసేస్తారు, కారు కొంచెం ముందే ఆగుతుంది. అమ్మగారు నడిచే దూరం చూసుకుని హోటలు ఎంచుకోండి. బీచ్ రోడ్డు మీదే గది ఉంటే ఆవిడ బాల్కనీలోంచే చూడొచ్చు.

సాయంత్రం ఒడ్డున మురీ మిక్చర్ తినకుండా వెళ్ళకండి. బొరుగులు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం అప్పటికప్పుడు కలిపిస్తారు. పిల్లలకి కారం లేకుండా అని కలపకముందే చెప్పాలి.

ఏటికొప్పాక_లక్క

కానుక సంగతి ఎవరూ తేల్చలేదు. ఏడేళ్ళ పాపకి ఏటికొప్పాక లక్కపిడతలు కొనండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డు ఊరు, అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. వైజాగ్‌లో ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి ఎంపోరియంలో దొరుకుతాయి. అసలువి గుర్తుపట్టాలంటే రంగులు చూడండి. పసుపు, నీలిమందు లాంటి వాటితో చేసిన రంగులు మెత్తగా, లోతుగా ఉంటాయి. గోటితో గీరితే పెచ్చు లేవదు. పెద్దపాపకి వంటపాత్రల సెట్టు, బాబుకి బొంగరం కాకుండా పెద్ద చక్రాల బండి. సెట్టులో చిన్న గరిటెలు, మూతలు వాడి నోటికి అందకూడదు. తడిగుడ్డతో తుడవొచ్చు, నీళ్ళలో నానబెడితే కర్ర ఉబ్బి లక్క చిట్లుతుంది.

మీ అమ్మగారికి మాడుగుల హల్వా. గోధుమ పాలతో చేసేది, వారం పైన నిలవ ఉంటుంది. తిరుగు రైల్లో పంచుకోవచ్చు.

పటమట_నాన్న

ఇప్పటికి తేలింది ఇది, తప్పుంటే చెప్పండి.

శనివారం: తెల్లవారుజామున ఇంట్లో తలంటు. రత్నాచల్ ఏసీ చైర్‌కార్‌లో అయిదు సీట్లు. మధ్యాహ్నం గది, పులిహోర, నిద్ర. 4కి నేనూ పాపా సబ్‌మెరైన్, మిగతావాళ్ళు విమానం దగ్గర. 5 నుంచి 7 తడి ఇసుక, మురీ మిక్చర్. 8:30కి పడక.

ఆదివారం: 6:10కి ఒడ్డున. 7:30 బురుజుపేట. 9 కైలాసగిరి. 11:15కి అరకిలో గుడ్డులేని కేకు, 11:30కి కోయడం. భోజనం, నిద్ర, 4కి గది ఖాళీ. అయిదు దాటాక గోదావరి త్రీటైర్, రెండు టికెట్లుగా. లక్కపిడతలు ఎప్పుడు కొనాలో మాత్రం తెలియలేదు.

ఓవెన్_మంట

కొండ దిగి 11కి గది చేరి, పిల్లలకి స్నానం చేయించి 11:30కి కేకంటే ఉరుకులు. కేకు 12కి పెట్టండి, బేకరీకి 11:45 చెప్పండి. 4 దాకా గది మీదే కదా.

వాల్తేరు_వాసి

లక్కపిడతలు శనివారమే, స్టేషన్ నుంచి హోటలుకి వచ్చే దారిలో మీరొక్కరే దిగి కొనేయండి. పాప చూడకుండా బొబ్బట్ల డబ్బా అడుగున పెట్టండి. ఆదివారం దుకాణం తెరిచి ఉంటుందన్న భరోసాతో ఆగొద్దు.

రత్నాచల్_కిటికీ

గోదావరికి స్టేషన్‌లో 4:30కల్లా ఉండండి. ఆటో దిగేముందు ప్లాట్‌ఫారం నంబరు ఫోన్‌లో చూడండి. ఊరివైపు గేటు, జ్ఞానాపురం వైపు గేటు రెండున్నాయి. ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫారం అయితే జ్ఞానాపురం వైపు దిగితే అమ్మగారికి పాదచారుల వంతెన మెట్లు తప్పుతాయి. ఒకటో నంబరైతే ఊరివైపు.